దేశదేశాల బడి – మన ఇల్లాలి చెయ్యి



ఈ రోజుల్లో పిల్లవాణ్ణి బళ్ళో వెయ్యాలనుకోగానే మన ఇళ్ళల్లో మొదట వినిపించే మాట “ఇంటర్నేషనల్ స్కూలు”. తుళ్లూరు చుట్టుపక్కల ఆ మాట మరీ ఎక్కువగా వినిపిస్తుంది. 2015లో రాజధాని కోసం రైతులు పొలాలు ఇచ్చిన ఊళ్ళు ఇవి. 2017 వచ్చేసరికి ఐనవోలులో ఒక విశ్వవిద్యాలయం, నీరుకొండలో మరొకటి పిల్లల్ని చేర్చుకోవడం మొదలుపెట్టాయి. పత్తిచేలూ మిరపచేలూ కనిపించిన దారుల్లో ఇతర రాష్ట్రాల పిల్లలు పుస్తకాలు పట్టుకుని నడుస్తున్నారు. సంతోషించవలసిన విషయమే.

కానీ ఒక్క సంగతి ఆలోచించండి. బడి చూడటానికి వెళ్ళినప్పుడు మనం ఏమడుగుతాం? బస్సు ఇంటిదాకా వస్తుందా? గదుల్లో ఏసీ ఉందా? ఫీజు ఎన్ని వాయిదాల్లో కట్టాలి? వాళ్ళు అన్నిటికీ చక్కగా జవాబు చెప్పి, “చేర్చి వెళ్ళండమ్మా, మిగతాది మేం చూసుకుంటాం” అంటారు. ఆ మాటతో మన గుండె కాస్త తేలికపడుతుంది. ఇక తల్లికి మిగిలిన పని టిఫిను డబ్బా కట్టడం, మీటింగు రోజున కుర్చీలో కూర్చుని మార్కులు వినడం. హాస్టల్లో వేస్తే ఆ డబ్బా పని కూడా ఉండదు.

దేశదేశాల వాళ్ళు చదువుకునే చోటు మన కృష్ణ ఒడ్డుకు కొత్తేమీ కాదు. సుమారు పదిహేడు వందల ఏళ్ళ క్రితమే అటువంటివి ఇక్కడ ఉండేవి. మరి ఆనాటి బడిలో ఇంటివాళ్ళకు, ముఖ్యంగా ఇల్లాలికి, పని ఏముండేది? ఈవేళ మీతో ఆ సంగతి ముచ్చటించాలని ఉంది.

తుళ్లూరు నుంచి ఏటి వెంబడి ఎగువకు వెడితే అమరావతి వస్తుంది. 2022లో జిల్లాలు విడదీశాక అది పల్నాడు జిల్లాలో చేరింది. దాని పక్కనే ధరణికోట. పూర్వపు ధాన్యకటకం అదే. అక్కడి మహాస్తూపం రాళ్ళు చాలామటుకు మద్రాసుకూ లండనుకూ వెళ్ళిపోయాయి. వాటి మీద చెక్కిన అక్షరాలను పండితులు చదివి పెట్టారు. ప్రాకృత భాష, బ్రాహ్మీ లిపి. అందులో రాజుల పేర్లకంటే మామూలు మనుషుల పేర్లే ఎక్కువ. విధికుడనే తోలుపనివాడు పూర్ణకుంభం చెక్కిన ఒక రాతిపలక ఇచ్చాడు. ఒక్కడే ఇచ్చానని రాయించుకోలేదు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, ఆడపిల్లలతో, బంధువులతో కలిసి ఇచ్చానని చెక్కించాడు. అతని తండ్రి నాగుడు ఉపాధ్యాయుడట. ఇంకో రాతి మీద సముదియ అనే భిక్షుణి పేరుంది. ఆమె పేరుకు ముందు “ఉపఝాయిని” అని ఉంది, అంటే ఉపాధ్యాయిని. చదువు చెప్పిన ఆడవాళ్ళు కూడా ఆ బడిలో ఉన్నారన్నమాట.

ఇంకా ఎగువకు వెడితే నాగార్జునకొండ. ఇక్ష్వాకు రాజుల విజయపురి అక్కడే ఉండేది. 1926లో ఆ లోయలో శిథిలాలు బయటపడ్డాయి. ఆనకట్ట కడితే అంతా మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా పెద్ద ఎత్తున తవ్వి చూశారు. ముప్ఫైకి పైగా బౌద్ధ కట్టడాలు కనిపించాయి. విహారమంటే మధ్యన స్తంభాల మండపం, చుట్టూ చిన్న చిన్న గదులు, పక్కన భోజనశాల. ఒకచోట “విగతజ్వరాలయం” అన్న మాట చెక్కి ఉంది. జ్వరపడ్డవాళ్ళను ఉంచే చోటు. ఆ పేరు వింటే మన పిల్లల హాస్టళ్ళు గుర్తుకు రావడం లేదూ?

ఈ విహారాలు ఎవరు కట్టించారు? మూడవ శతాబ్దంలో శాంతమూల మహారాజు అశ్వమేధం, వాజపేయం చేసిన వైదికుడు. ఆయన చెల్లెలు శాంతిసిరి మాత్రం బుద్ధుడి మహాచైత్యానికి పూనుకుంది. శాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడు మేనత్త కూతుళ్ళను పెళ్ళాడాడు. మేనరికం మనకు ఎంత పాతదో చూడండి! ఆ రాజు భార్య భట్టిదేవి ఒక విహారం కట్టించింది. ఇంటి యజమానిది ఒక దారి, ఇంటి ఆడవాళ్ళది ఒక దారి. అయినా ఇల్లు చెడలేదు. శాంతిసిరి తన దానంలో అల్లుడి జయం కోసం, ఆయుష్షు కోసం కూడా కోరుకుంది.

రాణులకేం, ఉంది కాబట్టి ఇచ్చారు అంటారేమో. అందుకే మీకు బోధిసిరి గురించి చెప్పాలి. ఆమె రాణి కాదు. ఉపాసిక, అంటే సంసారంలో ఉంటూనే ధర్మం పాటించే గృహిణి. వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో చుల్లధమ్మగిరి అనే చిన్న కొండ మీద ఒక చైత్యగృహం కట్టించింది. దాని రాతి నేల మీద పొడుగాటి శాసనం వేయించింది. ఆ గుడి తామ్రపర్ణి ఆచార్యుల కోసమట. తామ్రపర్ణి అంటే సింహళం, ఈనాటి శ్రీలంక. ఆ ఆచార్యులు ఏయే దేశాలవాళ్ళకు ధర్మం మీద మనసు కలిగించారో కూడా చెప్పించింది: కాశ్మీరం, గాంధారం, చీనా, కిరాతదేశం, తోసలి, అపరాంతం, వంగ, వనవాసి, యవన, ద్రవిడ, పాలూరు, తామ్రపర్ణి ద్వీపం. లెక్కపెట్టండి, పన్నెండు. భూగోళం పుస్తకం ఎరగని ఒక ఇల్లాలు కృష్ణ ఒడ్డున కూర్చుని పన్నెండు దేశాల పేర్లు చెప్పిస్తోంది!

ఆ తరువాత ఆమె తన వాళ్ళ పేర్లు వరసగా చెప్పుకుంది. భర్త బుధిన్నకుడు, గోవగామంలో ఉండే తండ్రి రేవతుడు, తల్లి బుధన్నిక, అన్నదమ్ములు, చెల్లెలు రేవతిన్నిక, అన్నదమ్ముల పిల్లలు, మేనల్లుళ్ళు, తాతా నాయనమ్మా, మేనమామ భదుడు. మేనమామ ఉద్యోగం “కోఠాకారిక”. కొఠారు చూసే అధికారి. మన కొఠారు అన్న మాట అందులో వినిపిస్తూనే ఉంది.

ఇచ్చినది ఆ ఒక్క చైత్యగృహమే కాదు. సింహళ విహారంలో బోధివృక్షానికి ఆలయం. ఒక విహారంలో మండపానికి స్తంభం. దేవగిరిలో ధ్యానం చేసుకునే శాల. పూర్వశైలంలో చెరువు, మండపం. కంటకసోలలో రాతిమండపం. ఆ కంటకసోలే మన ఘంటసాల. రెండవ శతాబ్దంలో గ్రీకు భూగోళ రచయిత టాలెమీ కూడా చెప్పిన వర్తక కేంద్రం అది. పడవ దిగిన పరదేశులు మన ఆంధ్రదేశంలో అడుగుపెట్టే దారి అది. ఇంకోచోట మూడు గదులు, పాపిల అనే చోట ఏడు గదులు. గదికి శాసనంలో వాడిన మాట “ఓవరక”. మన పెద్దవాళ్ళు లోపలి చిన్నగదిని ఓవరి అనేవాళ్ళు కదూ, ఆ మాటే ఇది. చదువుకునే వాడికి ఏం కావాలో ఇల్లాలికి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? పడుకోవడానికి గది, తాగడానికి నీళ్ళు, పదిమందీ కూర్చోవడానికి నీడ. జాబితా అంతా ఒక్కసారి చదవండి. ఆమె ఇచ్చినవాటిలో ఇవే ఎక్కువగా కనిపిస్తాయి.

ఇక ఆ గదుల్లో ఉన్న పిల్లల సంగతి. ఆ చదువు మార్కుల కోసం, ఉద్యోగాల కోసం కాదు, సన్న్యాసం కోసం. ఆ తేడా మరిచిపోకూడదు. అయినా సింహళ భిక్షువులు పాటించిన వినయపిటకంలో పిల్లల్ని చేర్చుకోవడం గురించీ, చూసుకోవడం గురించీ ఉన్న నియమాలు ఏ తల్లి విన్నా మెచ్చుకుంటుంది.

మొదటి నియమం: తల్లిదండ్రులు ఒప్పుకోకుండా ఏ పిల్లవాణ్ణీ చేర్చుకోకూడదు. ఈ నియమం ఎలా వచ్చిందంటే, బుద్ధుడి కొడుకు రాహులుణ్ణి చిన్నప్పుడే సంఘంలో చేర్చుకున్నారు. అప్పుడు తాత శుద్ధోదనుడు వచ్చాడు. కొడుకు వెళ్ళిపోయాడు, రెండో కొడుకు నందుడు వెళ్ళాడు, ఇప్పుడు మనవడు కూడానా, ఈ బాధ ఎముకల్లోకి దిగుతోందని చెప్పుకున్నాడు. ఇకముందు పెద్దల అనుమతి లేకుండా ఎవరినీ చేర్చుకోవద్దని కోరాడు. బుద్ధుడు సరేనన్నాడు. ఒక ముసలి తాత దుఃఖం వల్ల బడి నియమం మారింది.

రెండోది ఇంకా ముచ్చటైనది. పదిహేనేళ్ళు నిండనివాణ్ణి తీసుకోవద్దని నియమం. అయితే ఒక ఇంట్లో జబ్బు వచ్చి అందరూ పోయారు, ఇద్దరు పసివాళ్ళు మిగిలారు. వాళ్ళకు దిక్కెవరు? అప్పుడు నియమం సడలించి, కాకుల్ని తోలగలిగినంత వయసుంటే చేర్చుకోవచ్చు అన్నారు. మన వైపు కళ్ళంలో గింజలు ఆరబోసి పిల్లల్ని కాపలా కూర్చోబెట్టిన వాళ్ళకు ఆ వయసు ఎంతో చెప్పనక్కర్లేదు.

మూడోది గురుశిష్యుల సంగతి. శిష్యుణ్ణి అంతేవాసి అన్నారు, దగ్గర ఉండేవాడని అర్థం. తెల్లవారకముందే లేచి గురువుకు పందుంపుల్ల, ముఖం కడుక్కోవడానికి నీళ్ళు అందించాలి. గది ఊడవాలి. మధ్యాహ్నం దాటితే భోజనం లేదు. ఇదంతా మనం ఊహించేదే. కానీ శిష్యుడికి జబ్బు చేస్తే ఆ పందుంపుల్ల, ఆ నీళ్ళు గురువే శిష్యుడికి అందించాలి. లేచి తిరిగేదాకా పక్కనే ఉండి చూసుకోవాలి. ఈ మాట కూడా నియమంలోనే ఉంది.

నాలుగోది సెలవు. వానాకాలం మూడు నెలలూ భిక్షువు ఉన్నచోటు వదిలి వెళ్ళకూడదు. ఎంత కఠినమైన నియమమో! కానీ తల్లికో తండ్రికో జబ్బు చేసిందని తెలిస్తే ఏడు రోజులు వెళ్ళి రావచ్చు. వాళ్ళు రమ్మని కబురు పెట్టకపోయినా సరే వెళ్ళవచ్చు. సర్వం వదులుకున్నవాడికి కూడా అమ్మ దగ్గరకు దారి మూసెయ్యలేదు.

ఇటువంటి నేల మీద చదువు చాలాకాలం నిలిచింది. ఏడవ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటకం వచ్చాడు. అప్పటికే చాలా విహారాలు పాడుబడ్డాయి. ఇరవై దాకా మిగిలాయని, వెయ్యిమంది భిక్షువులున్నారని రాశాడు. అక్కడ సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు పండితుల దగ్గర కొన్ని నెలలు అభిధర్మం చదువుకున్నాడు. వాళ్ళు తిరిగి ఆయన దగ్గర మహాయాన శాస్త్రాలు చదువుకున్నారు. ఎవరు గురువు, ఎవరు శిష్యుడు? ఆ తరువాత కలిసి యాత్రకు బయలుదేరారు. 1344లో సింహళంలో గడలదెణియ గుడి శాసనం వేయించిన ధర్మకీర్తి స్థవిరుడు ధాన్యకటకంలో రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని బాగుచేయించానని చెప్పుకున్నాడు. 1416లో లాసా దగ్గర కట్టిన డ్రెపుంగ్ మఠానికి మన ధాన్యకటకం పేరే పెట్టుకున్నారు. ఆ మాటకు బియ్యపు రాశి అని అర్థం.

ఇంత చెప్పింది పాత గొప్పలు చెప్పుకోవడానికి కాదు. ఆ విహారాలకు రాజుల అండ ఉంది, వర్తకుల డబ్బు ఉంది. దానితోపాటు ఇళ్ళు కూడా వాటిని అంటిపెట్టుకుని ఉన్నాయి. భిక్షాపాత్రలో రోజూ అన్నం పడింది ఇళ్ళల్లోంచే. పిల్లవాణ్ణి చేర్చాలంటే ఆ ఇంటినే అడిగారు. వాడికి గది కట్టించింది కూడా అటువంటి ఇల్లాలే. “మిగతాది మేం చూసుకుంటాం” అని బడి అనలేదు, “మాకేం పని” అని ఇల్లూ అనుకోలేదు.

కాబట్టి ఈసారి బడి చూడటానికి వెళ్ళినప్పుడు ఏసీ సంగతి తరువాత అడుగుదాం. ముందు ఇవి అడుగుదాం. రాత్రివేళ పిల్లకు జ్వరం వస్తే పక్కన కూర్చునేదెవరు? ఇంట్లో పెద్దవాళ్ళకు బాగాలేకపోతే పరీక్షలున్నా సరే పంపిస్తారా? నేను వచ్చి పిల్లవాణ్ణి చూడాలంటే నెలకు ఎన్నిసార్లు రానిస్తారు? జవాబు చెప్పడానికి వాళ్ళు తటపటాయిస్తే, ఫీజు ఎంత పెద్దదైనా, పేరు ఎంత పెద్దదైనా, మరోచోటు చూడటమే మంచిది. మనవైపు నుంచి కూడా ఒక పని ఉంది. బడికి వెళ్ళినప్పుడు మార్కుల కాగితం ఒక్కటే చూసి రాకుండా, వంటశాల చూడండి, నీళ్ళ కుండీ చూడండి, పిల్లలు పడుకునే గది చూడండి. నలుగురు తల్లులు కలిసి వెడితే కాదనే బడి ఉండదు.

బోధిసిరి శాసనంలో చివర ఇంకో పేరుంది. ఆ పని చేసిన రాతిపనివాడి పేరు విధికుడు. పన్నెండు దేశాలతో పాటు, తన బంధువులతో పాటు అతణ్ణీ రాయించారు. మన పిల్లలకు రోజూ అన్నం వడ్డించే ఆయా పేరు మనలో ఎంతమందికి తెలుసు? రేపు పిల్లలు ఇంటికి రాగానే అడిగి చూడండి.

సెలవు.