అద్దకం గుడ్డపై హక్కు ఎవరిది? మచిలీపట్నం కలంకారీ, డిజైన్ చట్టాల చరిత్ర

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• డిజైన్‌పై హక్కు అనే భావన ఏ పరిస్థితుల్లో చట్టంగా మారిందో వివరించగలుగుతారు.
• భౌగోళిక గుర్తింపు, డిజైన్, కాపీరైట్, ట్రేడ్‌మార్క్‌ల మధ్య తేడాను చెప్పగలుగుతారు.

1. పరిచయం

కృష్ణానది హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడికి ఈశాన్యంగా మచిలీపట్నం, దాని పక్కనే పెడన ఉన్నాయి. ఈ డెల్టాలోని మొవ్వకు చెందినవాడుగా ప్రసిద్ధుడైన క్షేత్రయ్య 17వ శతాబ్దంలో పదాలు రచించాడు. ఆ పదం ఎవరి నోట విన్నా, అందులోని 'మువ్వగోపాల' ముద్ర కర్త ఎవరో చెబుతుంది. అదే శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుంచి ఓడలెక్కిన అద్దకం గుడ్డలను చేసినవారి పేర్లు మాత్రం మనకు దాదాపుగా మిగలలేదు. పేరు లేకపోవడం వల్ల పనివారు ఏం కోల్పోయారో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

2. విద్య, దాని నకలు

గుడ్డను కరక్కాయ రసంలో నానబెట్టడం, ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీటితో నల్లని గీతలు వేయడం, పటిక అద్దిన చోట చిరివేరు ఎరుపును పట్టించడం ఈ పనిలోని ముఖ్య దశలు. ఉతికినా పోని రంగే ఈ గుడ్డకు గిరాకీ తెచ్చింది. మచిలీపట్నంలో డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో స్థావరాలు ఏర్పరచుకున్నారు. కంపెనీలు తమ దేశాల అభిరుచికి తగిన నమూనాలను కోరమాండల్ తీరానికి పంపి, ఇక్కడివారితో వేయించుకునేవి. కాబట్టి ఆ గుడ్డలపై ఉన్న ప్రతి పువ్వూ ఇక్కడిదే అనలేం. రంగును నిలిపే విద్య మాత్రం ఇక్కడిదే.

ఆ విద్య రహస్యంగా మిగలలేదు. 1742లో కేర్డూ అనే ఫ్రెంచి జెసూట్ మతాచార్యుడు, క్రైస్తవం స్వీకరించిన అద్దకందారులను అడిగి ఈ పద్ధతిని తెలుసుకుని లేఖగా రాసి పంపాడు. అది ఫ్రాన్సులో అచ్చయింది. చెప్పినవారికి దానిపై ఏ హక్కూ దక్కలేదు.

3. నిషేధం నుంచి హక్కుకు

పట్టు, ఉన్ని నేతగాళ్ల జీవనాధారం దెబ్బతింటున్నదని 1686లో ఫ్రాన్సు ఈ గుడ్డల దిగుమతినీ, స్వదేశంలో వాటి నకళ్లనూ నిషేధించింది. ఇంగ్లండు 1700లో దిగుమతి గుడ్డల వాడకాన్ని, 1721లో అద్దిన నూలు గుడ్డల ధారణనే నిషేధిస్తూ చట్టాలు చేసింది. 1774లో అక్కడ నిషేధం తొలగాక సొంత అద్దకం పరిశ్రమ వేగంగా పెరిగింది. అప్పుడు మరో తగాదా మొదలైంది. ఒకరి కొత్త డిజైన్‌ను మరొకరు కాపీ చేస్తున్నారని అద్దకం యజమానులు ఫిర్యాదు చేశారు.

ఫలితంగా వచ్చిందే 1787 నాటి చట్టం. కొత్త డిజైన్ వేసినవారికి 2 నెలల పాటు ప్రత్యేక హక్కు ఇచ్చింది. 1794లో దాన్ని 3 నెలలకు పెంచారు. గుడ్డ రెండు అంచుల్లోనూ యజమాని పేరు అచ్చువేయాలన్నది షరతు. బ్రిటన్‌లో డిజైన్ చట్టాలకు ఇదే ఆరంభం. ఇక్కడ ఒక విషయం గమనించండి: భారతీయ గుడ్డను అనుకరిస్తూ ఎదిగిన పరిశ్రమ, తనను ఇతరులు అనుకరించకుండా తొలి చట్టం తెచ్చుకుంది. పేరు నమోదైన చోటే హక్కు ఏర్పడింది.

4. నేటి చట్టాలు

మచిలీపట్నం కలంకారీకి 1999 నాటి చట్టం కింద భౌగోళిక గుర్తింపు ఉంది. కలంతో వేసే శ్రీకాళహస్తి కలంకారీకి విడిగా గుర్తింపు ఉంది. ఇక్కడిది చెక్క అచ్చులతో చేసే పని. ఈ గుర్తింపు సమష్టి హక్కు. దాన్ని ఎవరికీ అమ్మడానికి వీల్లేదు. అయితే అది పేరును కాపాడుతుందే కాని డిజైన్‌ను కాదు. అదే పువ్వును స్క్రీన్ ప్రింటింగ్‌లో వేసి వేరే పేరుతో అమ్మితే ఈ చట్టం అడ్డుకోలేదు.

కొత్త డిజైన్‌కు రక్షణ కావాలంటే డిజైన్ల చట్టం, 2000 కింద నమోదు చేయించాలి. రక్షణ 10 ఏళ్లు, మరో 5 ఏళ్లు పొడిగించుకోవచ్చు. సరుకు బయటికి రాకముందే దరఖాస్తు చేయాలి. తరతరాలుగా వస్తున్న నమూనాలు కొత్తవి కావు కనుక వాటిని ఎవరూ సొంతం చేసుకోలేరు.

కాపీరైట్ ఉంది కదా అని మీరు అడగవచ్చు. కాగితంపై గీసిన బొమ్మకు అది నమోదు లేకుండానే వర్తిస్తుంది. కాని 1957 నాటి కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, డిజైన్‌గా నమోదుకు అర్హమైన దాన్ని నమోదు చేయించకుండా, హక్కుదారు గాని, అతని అనుమతితో మరొకరు గాని పారిశ్రామిక ప్రక్రియలో 50కి మించి ప్రతులు తీస్తే కాపీరైట్ పోతుంది. డిజైన్ల చట్టం దృష్టిలో చేతితో చేసే ప్రక్రియ కూడా పారిశ్రామిక ప్రక్రియే. అద్దకం బల్ల మీద 50 దాటడానికి ఎన్నో రోజులు పట్టదు.

డబ్బు తీసుకుని మరొకరి కోసం డిజైన్ చేసిపెడితే, సాధారణంగా చేయించుకున్నవారే దాని హక్కుదారులవుతారు. కాబట్టి ముందే రాతపూర్వక ఒప్పందం అవసరం. తమ అద్దకం కేంద్రం పేరును, గుర్తును ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేసుకుంటే 10 ఏళ్ల చొప్పున ఎన్నిసార్లయినా పునరుద్ధరించుకోవచ్చు.

5. సారాంశం

క్షేత్రయ్య ముద్ర పదంలోనే ఉండి కర్తను గుర్తు చేసింది. గుడ్డకు అలాంటి ముద్ర లేదు. 1787లో అంచున పేరు వేయగలిగినవారికే చట్టం హక్కు ఇచ్చింది. నేటి చట్టాలు పనివారికీ ఆ అవకాశం ఇస్తున్నాయి. కాని సమష్టి పేరు ఒక్కటే సరిపోదు, కొత్త డిజైన్ వేసిన వ్యక్తి పేరు కూడా సకాలంలో నమోదు కావాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1787 నాటి చట్టం ఎవరి ప్రయోజనం కోసం వచ్చింది? నేపథ్యంతో వివరించండి.
2. భౌగోళిక గుర్తింపు ఉన్నా పెడన పనివారు కొత్త డిజైన్‌ను విడిగా ఎందుకు నమోదు చేసుకోవాలి?