బోలు ఎముకల వ్యాధి మందులు: మేలు, కీడు

ఎముకలోని ఖనిజం తరిగి, లోపలి అల్లిక పలచబడి, చిన్న దెబ్బకే విరిగే స్థితి బోలు ఎముకల వ్యాధి. డాక్టర్లు ఆస్టియోపోరోసిస్ అంటారు. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు ఎముకను బొక్క అనే అంటారు. బొక్కలు గుల్లబారినయి అన్నారంటే రోగం పేరు చెప్పేసినట్టే. నెలసరి ఆగిన ఆడవాళ్లలో ఎక్కువ. విరిగేవి ముఖ్యంగా తుంటి, వెన్నుపూస, మణికట్టు. విరిగేదాకా నొప్పి తెలియదు. మోకాళ్ల నొప్పులు వేరే జబ్బు. ఆ నొప్పులు పోతాయనుకుని బోలు ఎముకల గోలీలు మొదలుపెట్టినవాళ్లు రెండు నెలలకే విసిగి మానేస్తారు. మందు పనిచేయక కాదు, దానికి సంబంధం లేని పని అప్పజెప్పారు కాబట్టి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో ఎముక సాంద్రత స్కాన్ కొలతకు గీత గీసింది. టి-స్కోరు అనే ఆ కొలత మైనస్ 2.5 లేదా అంతకంటే కింద ఉంటే బోలు ఎముకలు. ఆ అంకె పెరిగితే మందు పనిచేసినట్టేనని చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకాన్ని గట్టిగా దెబ్బకొట్టిన పదార్థం అచ్చంపేట పొరుగు నేలలోనే ఉంది.

డిండి దాటితే దేవరకొండ, ఆ పైన మర్రిగూడ, మునుగోడు. అక్కడి బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వెన్నును కర్రలా బిగదీసింది. మనదేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బును తొలుత నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతంలో గుర్తించి 1937లో షార్ట్ బృందం రాసింది. నల్లగొండ సంగతిని 1955లో సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఈ రోగుల ఎక్స్‌రేలో వెన్ను సున్నం కొట్టినట్టు తెల్లగా, చిక్కగా కనిపిస్తుంది. మనిషి మాత్రం మెడ తిప్పలేడు. 1960ల నుంచి పడమటి దేశాల డాక్టర్లు ఇదే ఫ్లోరైడ్‌ను బోలు ఎముకలకు మందుగా వాడారు. ఎముక చిక్కబడుతోంది కదా అన్నది వాళ్ల లెక్క. 1990లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రిగ్స్ బృందం 202 మంది ఆడవాళ్ల మీద చేసిన నాలుగేళ్ల పరిశీలన ఫలితం వెలువడింది. సగం మందికి రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్, మిగతావాళ్లకు ఉత్తుత్తి గోలీ, అందరికీ కాల్షియం. ఫ్లోరైడ్ మింగినవాళ్ల వెన్నులో సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్ను విరగడం మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. మిగతా ఎముకలు విరగడం మూడింతలైంది. స్కాన్ కాగితం మీద అంతకంటే మంచి మందు లేదు!

అదే ఫ్లోరైడ్ ఇంకో రూపమూ చూపింది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో రాసిన వ్యాసంలో ఫ్లోరైడ్ ప్రాంతపు రోగుల్లో మోకాళ్లు రెండూ ఒరుసుకునేలా కాళ్లు వంకరపోవడంతోపాటు ఎముకలు బోలుబారడాన్నీ చూపారు.

ఇప్పటి మందులను విరిగిన ఎముకలు లెక్కపెట్టి తూస్తున్నారు. ఎక్కువగా రాసేది అలెండ్రోనేట్, వారానికి 70 మిల్లీగ్రాముల గోలీ. ఇది ఎముక ఖనిజానికి అతుక్కుని, ఎముకను కొరికే కణాల పని మందగింపజేస్తుంది. 1996లో వెలువడిన పరిశీలనలో అప్పటికే వెన్నుపూస విరిగిన ఆడవాళ్లను మూడేళ్లు చూశారు. కొత్తగా వెన్నుపూస విరిగినవాళ్లు మందు లేనప్పుడు నూటికి 15 మంది, మందుతో 8 మంది. తుంటి విరిగింది నూటికి 2.2 నుంచి 1.1కి తగ్గింది. సగానికి సగం తగ్గిందన్నా నిజమే, మూడేళ్లలో నూటికి ఒక్క తుంటి మిగిలిందన్నా నిజమే. రెండో మాట కూడా రోగికి చెప్పాలి. ఒకసారి విరిగిన మనిషికి ఈ లాభం పెద్దది. స్కాన్‌లో కొంచెం పలచన అని రాసి ఉన్న యాభై ఏళ్ల మనిషికి చాలా చిన్నది.

రోజువారీ కీడు గొంతు దగ్గర మొదలవుతుంది. గోలీని పరగడుపున, గ్లాసు నిండా మామూలు నీళ్లతో మింగి, కనీసం అరగంట నడుము వాల్చకుండా కూర్చోవాలి, లేదా తిరగాలి. ఇక్కడి ఇళ్లలో తెల్లారితే ముందు చాయ్. గోలీ చాయ్‌తో వేసుకుని, కాసేపు మళ్లీ మంచం మీద ఒరిగితే అది అన్నవాహికలో ఆగి పుండు చేస్తుంది. రొమ్ములో మంట అక్కడిదే. సరిగ్గా మింగినా మందులో నూటికి ఒక వంతు కూడా ఒంటికి పట్టదు. కాఫీతో వేసుకుంటే అందులోనూ సగానికి పైగా వృథా. కాల్షియం గోలీని అదే పూట కలిపి వేసుకున్నా అంతే.

కాల్షియం, విటమిన్ డి లోటు తీర్చకుండా ఈ మందులు మొదలుపెడితే రక్తంలో కాల్షియం పడిపోవచ్చు. తిండిలో చూస్తే, వంద గ్రాముల జొన్నలో కాల్షియం 28 మిల్లీగ్రాములకు మించదు, తైదల్లో (రాగుల్లో) 360 దాటుతుంది. ఎండ కాసే ఊళ్లలో విటమిన్ డి లోటేమిటని అనిపిస్తుంది గానీ, తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లోనూ ఆ లోటు విస్తారంగా ఉందని అక్కడి స్విమ్స్ ఆసుపత్రి వైద్యులు చూపారు.

అరుదైన కీడులు రెండు. పన్ను పీకించాక దవడ ఎముక మానకపోవడం ఒకటి. ఈ మోతాదుల్లో అది ఏడాదికి పదివేల మందిలో ఒకరికో, అంతకంటే తక్కువో. రెండోది తొడ ఎముక నడిమధ్య విరగడం. 2020లో కాలిఫోర్నియా నుంచి వచ్చిన లెక్క మనవాళ్లు గుర్తుంచుకోదగ్గది. పదివేల మంది ఆడవాళ్లు మూడేళ్లు మందు వాడితే తెల్లవాళ్లలో 149 తుంట్లు దక్కి, 2 తొడలు ఇలా విరుగుతాయి. ఆసియావాళ్లలో 91 దక్కి, 8 విరుగుతాయి. తూకం మందు వైపే మొగ్గుతుంది గానీ, మన పళ్లెం కాస్త తేలిక. విరగడానికి వారాలు, నెలల ముందే తొడలోనో గజ్జలోనో సలుపు మొదలవుతుంది. అది వాతం నొప్పి కాదేమోనని అనుమానించి ఎక్స్‌రే తీయించాలి.

ఏడాదికొక సూది జోలెడ్రోనిక్ యాసిడ్. గొంతు బాధ లేదు. మొదటిసారి రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు పనికిరాదు. ఆరు నెలలకొక సూది డెనోసుమాబ్ బాగా పనిచేస్తుంది, కానీ మధ్యలో ఆపితే తగ్గిన అరుగుదల ఎగదన్ని, వెన్నుపూసలు వరసగా విరిగే ప్రమాదముంది. పత్తి ఏరే రోజులని తేదీ దాటించే ఇంట్లో ఇది మొదలుపెట్టక ముందే రెండుసార్లు ఆలోచించాలి. అలెండ్రోనేట్‌ను మాత్రం ప్రమాదం తక్కువగా ఉన్నవాళ్లు అయిదేళ్ల తర్వాత కొంతకాలం ఆపవచ్చు. ఎముకలో నిల్వ ఉన్న మందు మెల్లగా పనిచేస్తూనే ఉంటుంది.

ఫ్లోరైడ్ ఊళ్లలో పెరిగి అచ్చంపేట వైపు కోడళ్లుగా వచ్చినవాళ్ల విషయంలో స్కాన్ కాగితాన్ని ఇంకొంచెం జాగ్రత్తగా చదవాలి. ఫ్లోరైడ్ పట్టిన వెన్ను యంత్రానికి గట్టి ఎముకలా కనిపిస్తుంది, టి-స్కోరు మంచిగా వస్తుంది. అలాంటప్పుడు ఆమె చిన్నప్పుడు ఏ బావి నీళ్లు తాగిందో అడిగి, తుంటి, ముంజేయి కొలతలు కూడా తీయించి చూడాలి.