గిద్దలూరు, 1846: సైనిక మండలాలకు పొలిమేర పరీక్ష

ఏ పెద్ద దేశమైనా తన సైన్యాన్ని ప్రాంతాల వారీగా విభజించి, ఒక్కో ప్రాంతానికి ఒక కేంద్రాన్నీ ఒక అధిపతినీ నిలుపుకుంటుంది. ఆ అమరిక సత్తువ కేంద్రంలో కాదు, పొలిమేరలో తేలుతుందన్నది ఈ వ్యాస ప్రతిపాదన. అందుకు సాక్ష్యం పశ్చిమ ప్రకాశంలోని గిద్దలూరులోనే ఉంది.

1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించేనాటికి ఇక్కడి ఆయుధబలం పాలెగాళ్లది, వారి కట్టుబడులది. కట్టుబడి మాన్యం దున్నుకుంటూ ఊరు కాసేవాడు. పాలెగాడు పిలిస్తే ఆయుధం పట్టేవాడు. కంపెనీ పద్ధతి వేరు. మద్రాసు సైన్యం, దాని కింద బళ్లారి కేంద్రంగా దత్తమండలాల విభాగం, ఆ కింద ఊళ్లలో పటాలాలు. ఇక్కడ ఆజ్ఞ పైనుంచి దిగేది. కట్టుబడుల బలం నేలలోంచి పుట్టేది.

1846లో ఈ రెండూ ఎదురుపడ్డాయి. చనిపోయిన కట్టుబడుల మాన్యాలను సర్కారు తీసేసుకోవడంతో, నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల పింఛనుతో నెట్టుకొస్తున్న పాలెగాళ్ల వంశస్థుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట కట్టుబడులు నడిచారు. జూలై 10న కోయిలకుంట్ల ఖజానాపై దాడి జరిగింది. జూలై 23న గిద్దలూరు వద్ద లెఫ్టినెంట్ వాట్సన్ దళంతో పోరు జరిగింది.

గిద్దలూరే ఎందుకు? పడమట నల్లమల. అడవిలోంచి నంద్యాలకు నంది కనుమ దారి. ఉత్తరాన కంభం, మార్కాపురం. వాటిని దాటితే శ్రీశైలం అడవులు. కట్టుబడికి అదంతా ఒకే అడవి. కంపెనీ పటంలో మాత్రం ముక్కలు: కంభం, కోయిలకుంట్ల కడప జిల్లావి; 1839లో స్వాధీనమైన కర్నూలుది వేరే పాలన; కృష్ణ దాటితే నిజాం రాజ్యం. కలెక్టరు కాక్రేన్ కడపలో ఉండేవాడు. ఆయన అడిగిన పటాలాలు కడప, కర్నూలు, బళ్లారి నుంచి కదలాలి. తంతి ఇంకా రాలేదు. కబురు తపాలా మనిషి కాళ్ల మీద వెళ్లాలి. నరసింహారెడ్డి అక్టోబర్ 6న పేరుసోమల కొండల్లో చిక్కేసరికి దాదాపు మూడు నెలలు గడిచాయి. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు.

1858లో కంభం, మార్కాపురం, కోయిలకుంట్ల తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిశాయి. నల్లమల రెండు వైపులా ఒకే కలెక్టరు కిందికి వచ్చాయి. 1895 ఏప్రిల్ 1న మద్రాసు సైన్యం వంటి ప్రెసిడెన్సీ సైన్యాలు పోయి నాలుగు కమాండ్లు ఏర్పడ్డాయి. నేడు దేశంలో ఆర్మీకి, వైమానిక దళానికి ఏడేసి, నౌకాదళానికి మూడు, ఇలా ఒక్కో దళానికి విడివిడిగా మొత్తం 17 కమాండ్లు ఉన్నాయి. మన ప్రాంతం పుణెలోని దక్షిణ కమాండ్ పరిధిలోది. మన తీరం విశాఖలోని తూర్పు నౌకాదళ కమాండ్‌ది. మూడు దళాలూ ఒకే అధిపతి కింద పనిచేసే ప్రాంతీయ కమాండ్ 2001లో అండమాన్ నికోబార్‌లో మొదలైంది. థియేటర్ కమాండ్ల ఆలోచన ఆ దారినే సాగుతోంది.

కొత్త గీతలు గీసేవారు గిద్దలూరును గుర్తుంచుకోవాలి. కమాండ్ల సరిహద్దు కొండల వరసనూ దారులనూ చూసి గీయాలి. ఆ గీత మీద నివసించే ప్రజల నమ్మకాన్ని ముందుగా సంపాదించాలి. మాన్యం పోయిన కట్టుబడి నంది కనుమ దారిలో కంపెనీకి నేర్పిన పాఠం అదే.