తల మీది బుడగ: ఆడవాళ్ళ కుస్తీ, బొమ్మల కథలు

రాజాంలో మా చిన్నప్పుడు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అంటే టీవీ కంటే ముందు కార్డులు. ఒక్కో కార్డు మీద ఒక వస్తాదు ఫొటో, కింద ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్, ర్యాంకు. "నీవోడి బరువెంత?" "నావోడి ఛాతీ ఎక్కువ." ఆటంతా ఇదే. మా మామ్మ ఒకరోజు ఒక కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏటిరా, సంతలో పసువులకి లాగ కొలతలు రాసీసినారు? ఈడిదే ఊరు, ఈడి కతేటి, అది రాయనేదేటి?" అంది. పడీ పడీ నవ్వుకున్నాం. నా కట్టలో ఆడమనిషి కార్డు ఒక్కటీ లేదన్న సంగతి అప్పుడు తట్టనేలేదు.

బలం కథలు మా వైపు తక్కువేం కాదు. రాజాం అనగానే తాండ్ర పాపారాయుడు గుర్తొస్తాడు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలేటప్పటికి అతను రాజాంలో ఉన్నాడనే చెప్పుకుంటారు. పాలకొండ మీదుగా వెళ్తే వచ్చే వీరఘట్టం, కోడి రామమూర్తి నాయుడు 1882లో పుట్టిన ఊరు. గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్నవాడు, ఇనప గొలుసులు తెంచినవాడు. మరి ఈ కథల్లో ఆడవాళ్ళేం చేస్తారు? బొబ్బిలి కథలో కోటలోపలే ప్రాణాలు విడుస్తారు. బుర్రకథలో ఆ ఘట్టం దగ్గర కళ్ళు తుడుచుకోనివాళ్ళు ఉండరు. తుడుచుకోవడం అయ్యాక కత్తి పట్టుకుని కథని ముందుకు నడిపేది మాత్రం పాపారాయుడే.

బలమైన ఆడదానికి ఎవరైనా కథ కట్టారా, కడితే ఎలా కట్టారు అని వెతుక్కుంటూ వెళ్తే నేను తేలిన చోటు కొంచెం విచిత్రమైనది: అమెరికన్ కామిక్సు, అందులోనూ ఆడవాళ్ళ రెజ్లింగ్ కామిక్సు.

ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. ఇప్పుడిది రహస్యమేం కాదు. పడటం నిజం, నడుంనొప్పి నిజం, ఫలితం మాత్రం రాసిపెట్టినది. అంటే కామిక్ దాకా రాకముందే అదొక కథ. వీధి భాగోతంలో లాగా ప్రతి పాత్రా తనెవరో తనే గొంతెత్తి చెప్పుకుంటుంది. కాకపోతే భాగోతం పాత్ర ఒక క్షణం పక్కకి తిరిగి తన గోడు మనతో చెప్పుకోగలదు. రింగులో ఆ వీలు లేదు, అక్కడ ఉన్నది మైకు. మైకులో అరిచేది ఎప్పుడూ ఎదుటివాళ్ళ కోసమే. బొమ్మల కథకి ఉన్న పెద్ద సౌకర్యం తల మీది ఆలోచనల బుడగ. ఆ బుడగలో ఏం రాశారన్నది చూస్తే చాలు, ఈ కామిక్సు చరిత్ర సగం తెలిసిపోతుంది.

ముందు అసలు రింగు సంగతి. 1937లో ఛాంపియన్ అయిన మిల్డ్రెడ్ బర్క్ ఆ రంగంలో మొదటి పెద్ద తార. ప్రమోటర్ ఆమె భర్త బిల్లీ వుల్ఫ్. విడిపోయాక కూడా పగ్గాలు అతని చేతిలోనే ఉన్నాయి. 1954 ఆగస్టులో అట్లాంటాలో ఆమెకి ఎదురు నిలబడిన జూన్ బయర్స్ ఆ వుల్ఫ్ కోడలే. ముందుగా ఏమీ అనుకోకుండా నిజంగానే తలపడ్డారని చెప్పే ఆ మ్యాచ్ సరిగ్గా తేలకుండానే ఆగిపోయింది. ఏ కథా రచయితైనా ఇంతకంటే ఏం కావాలని అడుగుతాడు? ఆ తర్వాత వచ్చిన ఫాబ్యులస్ మూలా 1956 నుంచి 1984లో వెండీ రిక్టర్ చేతిలో ఓడేదాకా టైటిల్ తనదేనని చెప్పుకుంది. తను తర్ఫీదిచ్చిన అమ్మాయిల సంపాదనలో వాటా లాక్కుందనీ, వాళ్ళని దోచుకుందనీ ఆరోపణలు వచ్చాయి. 2018లో డబ్ల్యూడబ్ల్యూఈ ఒక పోటీకి ఆమె పేరు పెట్టి, గోల లేచాక తీసేసింది.

ఈ పాతకాలపు రింగుని బొమ్మల్లోకి బాగా తెచ్చినవాడు జేమీ హెర్నాండెజ్. కాలిఫోర్నియాలోని ఆక్స్‌నార్డ్‌లో పెరిగిన మెక్సికన్ అమెరికన్. అన్నదమ్ములతో కలిసి 1981లో మొదలుపెట్టిన 'లవ్ అండ్ రాకెట్స్'లో రెనా టిటాన్యోన్ అనే మాజీ ఛాంపియన్ ఉంటుంది, విక్కీ గ్లోరీ అనే మొండి ఆవిడ ఉంటుంది. 1996లో వాళ్ళ లోకాన్నే తీసుకుని 'వోవ్, నెల్లీ!' అని మూడు సంచికలు వేశాడు. జో, జీనా అని ఇద్దరు స్నేహితురాళ్ళు, ట్యాగ్ టీమ్ జంట. బెల్టు కంటే ఆ స్నేహం మీదే మన ధ్యాస ఉంటుంది. హెర్నాండెజ్ గీసిన ఆడవాళ్ళ ఒళ్ళు బరువుగా ఉంటుంది, వయసు మీద పడుతుంది. నడుం దగ్గర మడతలు పడతాయి. కింద పడితే పడినట్టే ఉంటుంది. ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేని కథ గనుక, అబద్ధం ఆడాల్సిన అవసరం కూడా అతనికి రాలేదు. నా మట్టుకు ఈ జాబితాలో దీన్ని మించింది లేదు.

కంపెనీ అనుమతితో వచ్చినవాటి తీరు వేరు. 1999లో కేయాస్ కామిక్స్ వాళ్ళు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వస్తాదులతో పుస్తకాలు మొదలుపెట్టారు. 'లేడీ డెత్'తో పేరు తెచ్చుకున్న సంస్థ అది. ఆడవాళ్ళని ఎలా గీస్తారో ఆ పేరు చాలు చెప్పడానికి. అదే 1999 అక్టోబరులో చైనా అనే జోనీ లారర్ జెఫ్ జారెట్‌ని ఓడించి, ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్ గెలిచిన మొదటి ఆడమనిషి అయింది. ఆడవాళ్ళు వంటింట్లో ఉండాలని జారెట్ అరుస్తూ తిరగడం, ఆఖరికి వంటింటి సామాన్ల మధ్యే ఆమె చేతిలో చావుదెబ్బ తినడం, ఇదీ ఆ కథాంశం. మొరటుదే, కానీ పనిచేసింది. 2000లో చైనా పేరుతోనే కామిక్ వచ్చింది. మామూలుగా ఇలాంటి పుస్తకాల్లో ఉండే కండల నాయకురాలే అందులోనూ. అసలు చైనా చుట్టూ ఉన్న ఇరుకు, మగవాళ్ళ బెల్టు గెలిచినా మగవాళ్ళ చూపు నుంచి తప్పించుకోలేని ఆ ఇరుకు, అట్టల మధ్యకి రాలేదు.

అదే 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో మన ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయురాలు. వెయిట్‌లిఫ్టింగ్ కుస్తీ కాదు, ఒప్పుకుంటాను. అందులో స్క్రిప్టు ఉండదు, విలన్ ఉండడు. అయినా మా వైపు ఎవర్నడిగినా ఆమె గురించి ముందు నోటికొచ్చేవి ఆ అంకెలే. 2020లో ఆమె మీద సినిమా తీస్తామని ప్రకటించారు. బొమ్మల కథ మాత్రం నాకెక్కడా దొరకలేదు. మామ్మ ఉంటే కార్డు తిప్పి చూసి మళ్ళీ అదే అడిగేది.

మళ్ళీ రింగు దగ్గరికి వస్తే, 2015 ఫిబ్రవరిలో డబ్ల్యూడబ్ల్యూఈ 'రా' షోలో నలుగురు ఆడవాళ్ళ ట్యాగ్ మ్యాచ్ అర నిమిషంలో అయిపోయింది. చూసేవాళ్ళకి ఒళ్ళు మండింది. వీళ్ళకీ ఒక అవకాశం ఇవ్వండని ట్విట్టర్ మోగిపోయింది. ఆ ఆగస్టులో బ్రూక్లిన్‌లో బేలీ, సాషా బ్యాంక్స్ మ్యాచ్ జనాన్ని నిలబెట్టేసింది. 2016 రెసిల్‌మేనియాలో 'దివాస్' అన్న పేరు పోయి 'విమెన్స్ ఛాంపియన్‌షిప్' వచ్చింది. 2017లో మొదలైన బూమ్ స్టూడియోస్ వారి 'డబ్ల్యూడబ్ల్యూఈ' కామిక్‌లో డెన్నిస్ హోప్‌లెస్ రచన, సెర్గ్ అకున్యా బొమ్మలతో ఈ కథ కూడా వచ్చింది. సాషా, బేలీ, షార్లెట్, బెకీ లించ్ నలుగురి ప్రయాణం. మ్యాచ్‌లన్నీ నిజమే అన్నట్టు గీశారు. మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య ఖాళీల్లో మాత్రం స్నేహం, అసూయ, భయం కనిపిస్తాయి. బుడగలో ఎట్టకేలకు ఒక మనిషి మాట వినిపిస్తుంది. ఎంతైనా కంపెనీ పుస్తకమే. అన్నేళ్ళు అర నిమిషం మ్యాచ్‌లు పెట్టినవాళ్ళెవరో అందులో వెతకొద్దు.

'గ్లో' కామిక్ గురించి ఒక్క మాట. 1986లో నిజంగా నడిచిన ఆడవాళ్ళ రెజ్లింగ్ టీవీ షో మీద 2017లో నెట్‌ఫ్లిక్స్ సీరియల్ వచ్చింది. దాని మీద 2019లో ఐడీడబ్ల్యూ వాళ్ళ కామిక్, టీనీ హోవర్డ్ రాస్తే హానా టెంప్లర్ గీసింది. అనుసరణకి అనుసరణ. సీరియల్లో ఆర్తీ ప్రేమ్‌కుమార్ అనే మెడిసిన్ చదివే భారతీయ అమ్మాయికి రింగులో ఇచ్చిన వేషం బేరూత్ నుంచి వచ్చిన టెర్రరిస్టు. ఒంటిరంగు చూసి వేషం ఇచ్చేస్తారు. జనం తిడుతుంటే ఆ అమ్మాయి అక్కడే నిలబడి వినాలి.

మన దేశంలో ఇలాంటి కథాంశం లేదా అంటే, ఎవరూ గీయకముందే ఉంది. 1954 ఫిబ్రవరిలో హమీదా బాను సవాలు విసిరింది: నన్ను ఓడించినవాణ్ణి పెళ్ళి చేసుకుంటాను. జానపద కథల్లో రాకుమార్తె పెట్టే షరతు ఇది. మే నెలలో బరోడాలో బాబా పహిల్వాన్‌ని 1 నిమిషం 34 సెకన్లలో పడేసింది. పేపర్లు ఆమె గురించి ఏం రాశాయో చూడండి: 108 కిలోలు, 5 అడుగుల 3 అంగుళాలు, రోజుకి 5.6 లీటర్ల పాలు, ఆరు గుడ్లు, రెండు ప్లేట్ల బిర్యానీ. మా కార్డులే, కాకపోతే నలభై ఏళ్ళ ముందు. ఎదుటివాళ్ళు కావాలనే ఓడిపోతున్నారని అనుమానాలు, కొన్నిచోట్ల రాళ్ళు. పోటీలు ఆపేస్తున్నారని ఆమె బొంబాయి ముఖ్యమంత్రి మొరార్జీ దేశాయికి మొర పెట్టుకుంటే, ఆడదానివని కాదు, నీ మీదకి డమ్మీలని దింపుతున్నారని ఫిర్యాదులున్నాయని జవాబొచ్చింది.

ఇవన్నీ నాటకాలే అనుకుందాం కాసేపు. నాటకమైతే మాత్రం, పెళ్ళి షరతు ఎవరి ఆలోచన? ఆమెదా, ఆమె వెనకున్న గురువుదా? ఒక్కొక్కణ్ణి పడేస్తున్నప్పుడు పెళ్ళి తప్పిందని హాయిగా ఉండేదా? ఇంత చరిత్రలో నాకు అన్నిటికంటే గట్టిగా బుడగ కావాలనిపించే చోటు ఇదే.

2023 సెప్టెంబరు 8న హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో రియా రిప్లీ, నటాల్యా టైటిల్ కోసం తలపడితే మన కుర్రాళ్ళూ అమ్మాయిలూ గొంతు పోయేలా అరిచారు. ఆ తర్వాత ఏడాది మే 4న గూగుల్ డూడుల్‌లో హమీదా బాను బొమ్మ కనబడింది. నాకు తెలిసి దేశమంతా ఒకేసారి చూసిన ఆమె బొమ్మ అదొక్కటే. ఒకరోజు ఉంది, తీసేశారు. యూరప్ వెళ్ళి పోరాడతానని ప్రకటించిన కొన్నాళ్ళకే ఆమె కుస్తీ లోకంలో కనిపించకుండా పోయింది. కొట్టి చేతులు విరిచి వెళ్ళకుండా ఆపారని ఆమె మనవడు తర్వాత చెప్పాడు. ఆఖరి రోజుల్లో కల్యాణ్‌లో పాలు, ఇంట్లో చేసిన చిరుతిళ్ళు రోడ్డు పక్కన అమ్ముకుంటూ బతికింది.