కార్డు

కంప్యూటరు ప్రోగ్రామున ఒక తెరనుండి మఱియొక తెరకు మారు నేర్పాటును గూర్చి ప్రోగ్రాములు వ్రాయువారు పలుకు ‘కార్డు’ అను మాట, పాపిరస్ పత్రమునకు గ్రీకులు పెట్టిన ‘ఖార్టేస్’ అను పేరునుండి లాటిను ‘కార్టా’గను, ఫ్రెంచి ‘కార్త్’గను పరిణమించి ఆంగ్లమున చేరినది. 1987లో ఆపిల్ సంస్థ విడుదల చేసిన హైపర్‌కార్డ్‌ అను ప్రోగ్రామున దాని కర్త బిల్ అట్కిన్‌సన్ ఒక్కొక్క తెరను కార్డనియు, వాని సముదాయమును స్టాక్ అనియు వ్యవహరించెను. అటుపిమ్మట వచ్చిన జావా భాషలోని కార్డ్‌లేఅవుట్ సైతము, పేకకట్టలో పైముక్క యొక్కటియే కన్పట్టునట్లు, తెరలనన్నిటిని ఒకే చోట నిలిపి, పేరు చెప్పి పిలిచినదానిని మాత్రమే చూపును. ఇందలి సొగసంతయు మరుగుపడినది నశింపకుండుటయందున్నది: వాడుకరి సగము నింపిన దరఖాస్తు, వేఱు తెరకు పోయి వచ్చినను, అట్లే యుండును. ప్రతిమాఱును క్రొత్త విండోను తెఱచి పాతదానిని మూయు పద్ధతికంటె ఇది మేలని నా నిశ్చితాభిప్రాయము.