తుంగ చేపకి అద్దాల ఇల్లు

పాత సినిమాల్లో జమీందారుగారి హాలంటే ఏముండేది? మెలికల మెట్లు, ఓ పియానో, మూల చేపల తొట్టి. 1976లో బంజారాహిల్స్ రాళ్ళమధ్య అన్నపూర్ణ స్టూడియో మొదలైంది. ఒక్కొక్కరే మద్రాసు వదిలి వచ్చి జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ బండలమీద ఇళ్ళు కట్టుకున్నారు. తొట్టి కూడా సెట్లోంచి నిజం హాల్లోకి వచ్చి కూచుంది. ఇప్పుడు గోల్డ్ ఫిష్ ఆనడం లేదు. మీసాలూ చారలూ ఉన్న లోచ్ చేపలు కావాలి!

అసలీ అద్దాల తొట్టి ఆడవాళ్ళ చేతుల్లో పెరిగిందంటే నమ్ముతారా? జీన్ విల్‌ప్రూ పవర్ పారిస్‌లో బట్టలు కుట్టి పేరు తెచ్చుకున్న మనిషి. పెళ్ళయి సిసిలీ వెళ్ళాక, 1832లో సముద్రజీవుల్ని గమనించడానికి గాజుతొట్టి చేయించింది. ఆర్గోనాట్ అనే జీవి తన గుల్లని తనే కట్టుకుంటుందని రుజువు చేసింది. 1846లో ఆనా థిన్ అనే ఆవిడ లండన్‌లో పగడపు జీవుల్ని పెంచింది. పంపులేవీ? కిటికీ దగ్గర నిలబడి పనిపిల్ల రోజూ అరగంట, ముప్పావుగంట ఆ నీళ్ళని ఓ పాత్రలోంచి ఇంకో పాత్రలోకి తిరగబోసేది, మనం కాఫీ తిరగబోసినట్టు. నీళ్ళకి గాలి తగలాలి కదా! లండన్ జంతుశాలలో చేపల ఇల్లు తెరిచింది ఆ తరవాతే, 1853లో.

లండన్‌లో గాలి ఒక్కటే సమస్య. మనకి వేడి కూడానూ. నీళ్ళు వేడెక్కినకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. లోచ్ అయితే పారే ఏటిలో పుట్టిన చేప.

ఆ ఏరు ఎక్కడిదో కాదు, మన తుంగ. సహ్యాద్రిలో పుట్టి, భద్రతో కలిసి, మంత్రాలయం మీదుగా కృష్ణలో కలిసే తుంగే. అక్కడి చారల లోచ్‌ని 1920లో సి.ఆర్. నారాయణరావుగారు బోటియా స్ట్రయాటా పేరుతో శాస్త్రలోకానికి పరిచయం చేశారు. 1932లో మొదలైన ‘కరెంట్ సైన్స్’ పత్రికకి తొలి సంపాదకులు కూడా ఆయనే.

చేప 3, 4 అంగుళాలే గాని దర్జా ఎక్కువ. ఒంటరిగా ఉండలేదు, కనీసం ఆరుండాలి. అడుగున తిరిగే జాతి కనుక తొట్టికి ఎత్తు కాదు, పొడవు ముఖ్యం. 4 అడుగులుంటే మంచిది. మీసాలు గీసుకుపోకుండా నున్నటి ఇసుక, దాక్కోడానికి రాళ్ళు, పంపుతో ప్రవాహం. నీళ్ళు 23 నుంచి 26 డిగ్రీలు. మే నెల హైదరాబాదులో అదెలాగో ఆలోచించండి! 28 డిగ్రీలు కోరే డిస్కస్‌తో కలిపితే ఒకరికి సుఖమైతే ఇంకొకరికి జ్వరం. గోల్డ్ ఫిష్ పెద్దదై నీళ్ళు పాడుచేస్తుంది. పొడుగు రెక్కల ఏంజెల్ పనికిరాదు, లోచ్‌లు రెక్కలు కొరుకుతాయి. నత్తల్నయితే తినేస్తాయి. పైన చురుగ్గా ఈదే జీబ్రా డేనియోలు సరిజోడు. వాటిని 1822లో గంగ చేపల పుస్తకంలో హామిల్టన్ వర్ణించాడు.

ఒక్క సంగతి మాత్రం గుండె కలుక్కుమనిపిస్తుంది. తుంగ లోచ్ ఇప్పుడు అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న చేప. 2005 నుంచి 2012 దాకా మన దేశం నుంచి, ముప్పులో ఉన్న జాతుల చేపలు 15 లక్షల దాకా విదేశీ తొట్లకి ఎగుమతయ్యాయి. అందులో పెద్ద వాటా ఉన్న జాతుల్లో ఇదొకటి. తొట్టిలో సులువుగా గుడ్లు పెట్టదు కాబట్టి, ఎక్కువగా ఏటినుంచే పడతారు.

ఫిల్మ్ నగర్‌లో ఉండే మా పిన్ని కోడలు అడిగితే, డేనియోలు చాలమ్మా అన్నాను. ఏసీ రాత్రిపూట మాత్రమే వేసే ఇల్లది.