రంగా గారి చుక్క ఎక్కడ?

1789లో వర్సాయ్‌లో కొలువైన ఫ్రెంచి జాతీయ సభ ముందు పెద్ద తగవు వచ్చింది. సభ చేసిన చట్టాన్ని తోసిపుచ్చే హక్కు రాజుకు ఉండాలా? ఉండాలన్నవాళ్లు అధ్యక్షుడికి కుడివైపున, కూడదన్నవాళ్లు ఎడమవైపున చేరారు. ఆ ఒక్క తగవులో పుట్టిన కుడి ఎడమలే తర్వాత ప్రపంచమంతా పాకాయి.

1954లో బ్రిటన్‌లో మనస్తత్వ శాస్త్రజ్ఞుడు హాన్స్ ఐసెంక్ ఆ కుడి ఎడమల గీతకు మరో గీత కలిపాడు: కఠిన స్వభావం, మృదు స్వభావం. కమ్యూనిస్టులూ ఫాసిస్టులూ చెరో కొసన ఉన్నా కాఠిన్యంలో ఒకటేనన్నాడు. తోటి శాస్త్రజ్ఞులు గట్టిగా ఆక్షేపించారు. 1969లో అమెరికాలో డేవిడ్ నోలన్ ఆర్థిక స్వేచ్ఛను ఒక గీత మీద, వ్యక్తిగత స్వేచ్ఛను ఇంకో గీత మీద పెట్టాడు. రెండూ నిండుగా కోరేవాళ్లు లిబర్టేరియన్లు. రెండేళ్లకు ఆ పేరుతోనే వెలసిన పార్టీ స్థాపకుల్లో ఆయనా ఉన్నాడు. పటం గీసినవాడి కోరికే పటానికి కొలబద్ద అయిందని నాకు అనిపించేది ఇక్కడే. ఇంటర్నెట్‌లో ప్రశ్నలకు జవాబులు తీసుకుని నాలుగు గడుల్లో ఒకచోట చుక్క పెట్టే పొలిటికల్ కంపాస్ 2001లో వచ్చింది.

ఈ గడుల్లో నిడుబ్రోలు ఎన్.జి. రంగా గారిని ఎక్కడ పెడతాం? జమీందారీల మీద రైతులను కూడగట్టిన మనిషి. 1936లో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు తొలి ప్రధాన కార్యదర్శి. అప్పటికి చుక్క ఎడమనే పడుతుంది. 1959లో కాంగ్రెస్ నాగపూర్ మహాసభ ఉమ్మడి సహకార సేద్యానికి తీర్మానించింది. రంగా ఎదురుతిరిగి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి అధ్యక్షుడయ్యారు. చుక్క ఒక్కసారిగా కుడికి దూకుతుంది. మనిషి మాత్రం ఉన్నచోటే ఉన్నాడని నా నమ్మకం. దున్నేవాడి పొలాన్ని జమీందారూ తీసుకోకూడదు, సర్కారూ తీసుకోకూడదు; రెండు పోరాటాలకూ మూలం అదే. ప్రభుత్వం మంచిదా మార్కెట్ మంచిదా అని అడిగే పటానికి ఈ పట్టుదల కనపడదు.

మరి సెంటు భూమి లేని కూలీ సంగతి? రంగా రాజకీయం భూమి ఉన్న రైతుదేనని కమ్యూనిస్టులు విమర్శించారు. ఆ విమర్శలో బలముంది. పొలం ఎవరిది, ఆ పొలంలో కూలికి వంగే కులం ఏది, కూలిరేటు ఎవరు తేలుస్తారు? మన పల్లెల్లో పక్షాలను చీల్చిన ఈ ప్రశ్నల్లో దేనికీ ఆ పటంలో విడిగా గీత లేదు. రంగాను తెలుసుకోవాలంటే ముందు వాటినే అడగాలి.